బారకు జానెడు

జగిత్యాల బస్టాండులో కరీంనగర్ బస్సెక్కినప్పుడు మా ఎనిమిది మంది దగ్గర బట్టల సంచులతో పాటు చుట్టచుట్టిన చార్టుల కట్టలు రెండు, మట్టి నమూనాల కోసం ఒక తాపీ, కాలేజీ స్టోర్సులో సంతకం పెట్టి తెచ్చుకున్న కొలత టేపు ఉన్నాయి. అది 2019 జూలై మొదటి వారం. మిరుగం దాటి నెల కావస్తున్నా వాన సరిగ్గా పడలేదు. కొండగట్టు దాటాక కిటికీ బయట మైళ్ల కొద్దీ ఎర్రటి దుక్కులే. ఎక్కడన్నా పచ్చగా కనిపిస్తే అది బోరు కింది నారుమడే. గంగాధర మీదుగా కరీంనగర్ చేరి, అక్కడ చొప్పదండి బస్సు మారాం. తీగలగుట్టపల్లి రైల్వే గేటు దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. పక్క సీటులోని ముసలాయన మా చార్టుల వంక చూసి, "ఏం బడి బిడ్డా మీది?" అని అడిగాడు. వ్యవసాయ కాలేజీ అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "వ్యవసాయానికి గూడ కాలేజుంటదా?" అన్నాడు. వెక్కిరించడం కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు ఆ బస్సులో నా దగ్గర లేదు.

జగిత్యాల వ్యవసాయ కళాశాల పొలాసలో ఉంది, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం పక్కనే. జగిత్యాల సన్నాలు అని ఊరూరా పిలిచే జేజీఎల్ 1798 వరి పుట్టింది అక్కడే. సాంబ మసూరిని కావ్యతో కలిపి తీసిన రకమది, ఉల్లికోడును తట్టుకుంటుంది. మూడేళ్లు ఆ పొలాల గట్ల మీదనే తిరిగి చదువుకున్నాం. నాలుగో ఏడు మొదటి సగం మాత్రం ఊళ్లో గడపాలి. దాన్ని మేం రావెప్ అంటాం, గ్రామీణ వ్యవసాయ అనుభవం అన్నమాట. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2015లో ఇలాంటి శిక్షణలన్నిటినీ 'స్టూడెంట్ రెడీ' పేరు కిందికి తెచ్చింది. ఒక్కో విద్యార్థికి ఒక రైతును చూపిస్తారు. ఆయన పంట వేస్తే మనమూ వేయాలి, ఆయన మందు కొడితే మనం పక్కన నిలబడి రాసుకోవాలి. నేను హైదరాబాద్ ఉప్పల్‌లో పుట్టి పెరిగాను. తాతకు నల్గొండ దిక్కు నాలుగెకరాల పొలం ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికే అది అమ్ముడుపోయింది.

మాకు ఇచ్చిన ఊరు చొప్పదండికి ఆటో దూరం. చొప్పదండి అంతకు ముందు ఏడాదే మున్సిపాలిటీ అయింది. జిల్లా నవోదయ విద్యాలయం ఉన్నది అక్కడే. ఎరువులకైనా, మాకు ఫొటోస్టాట్లకైనా అక్కడికే వెళ్లాలి. ఊళ్లో అమ్మాయిలం నలుగురం పెంకుటిల్లు ఒకటి అద్దెకు తీసుకున్నాం. నా వంతుకు వచ్చిన రైతుకు అరవై దాకా ఉంటాయి. సార్ అని పిలిస్తే చేయి అడ్డం ఊపి, "బాపు అను బిడ్డా, అందరట్లనే పిలుస్తరు" అన్నాడు. మర్నాడు పొద్దున్నే రమ్మని, "బాయికాడికి పోదాం" అన్నాడు. వెళ్లాను. అది ఆయన పొలం. ఒక మూలన రాతి కట్టుతో లోతైన బావి నిజంగానే ఉంది, అడుగున ముళ్ల కంప తప్ప చుక్క నీళ్లు లేవు. దాని పక్కనే బోరు మోటారు. బావి ఎండిపోయి ఎంతకాలమైందో బాపుకే గుర్తు లేదు గానీ, ఈ దిక్కున పొలాన్ని ఇప్పటికీ బాయి అనే అంటారు. ఎకరాలు, సర్వే నంబర్లు కాగితాల్లో మాటలు. మనిషి ఇంట్లో లేకపోతే "బాయికి పోయిండు" అంటారు, అంతే.

అక్కడే ఒక చిన్న సంగతి జరిగింది, ఆ తర్వాత జరిగినవన్నీ దానిలోంచే మొదలయ్యాయని ఇప్పుడు అనిపిస్తుంది. బాపు నారుమడి చూపించి, బాగుందా చెప్పమన్నాడు. నేను పుస్తకం ప్రకారం, ఎకరం నాటుకు ఐదు సెంట్ల నారుమడి, ఇరవై నుంచి ఇరవై ఐదు కిలోల విత్తనం అని మొదలుపెట్టాను. ఆయన శ్రద్ధగా విని, "సెంటంటే ఎంత బిడ్డా?" అని అడిగాడు. నేను నలభై చదరపు మీటర్లని చెప్పాను. ఆయన మౌనంగా నారు వంక చూశాడు. ఇక్కడ ఎకరానికి నలభై గుంటలు. సెంట్ల లెక్క కృష్ణా, గోదావరి జిల్లాలది. మా పాఠాల్లోకి అక్కడి నుంచే వచ్చి అలాగే ఉండిపోయింది. రాత్రి బల్బు కింద కూర్చుని లెక్క వేశాను. గుంటకు 121 చదరపు గజాలు, అంటే రెండున్నర సెంట్లు. ఐదు సెంట్లంటే సరిగ్గా రెండు గుంటలు. పొద్దున్నే పోయి, "బాపూ, ఎకరానికి రెండు గుంటల నారు" అన్నాను. "మేం పోసేది గదే గదా" అన్నాడు ఆయన. ఆయన ఎప్పటి నుంచో సరిగ్గా చేస్తున్న పనిని ఆయనకు అర్థంకాని కొలతలో నేర్పబోయాను నేను.

రెండో వారంలో ఊరి పటం వేయించాం. గ్రామ పంచాయతీ ముందున్న ఖాళీ జాగాలో సున్నం, రంగు ముగ్గు, ఇటుక పొడి, వేపాకులు పెట్టి, మీ ఊరు మీరే గీయండి అంటాం. మేం చేతులు కట్టుకుని చూడాలి, అదీ పద్ధతి. మగవాళ్లు మొదట రోడ్డు గీశారు, తర్వాత గుడి, బడి, నీళ్ల ట్యాంకు. నీళ్ల బిందెలతో పోతున్న ఆడవాళ్లు ఆగారు. ఒకామె బిందె దింపి, చెరువును తప్పు దిక్కున పెట్టారని చెరిపేసి మళ్లీ గీసింది. ఇంకొకామె ఎవరెవరి బావులు ఎక్కడెక్కడ ఉండేవో గులకరాళ్లు పెట్టుకుంటూ పోయింది. కొన్ని పూడ్చేసినవి, కొన్ని బాపు బావిలాగా ఎండినవి. చివరికి ఆ పటంలో ఉన్న బావుల కంటే లేని బావులే ఎక్కువయ్యాయి. పక్కనే నాటేసే జట్లు ఏ ఒడ్డు మీదుగా ఏ పొలానికి పోతాయో దారులు కూడా గీశారు. ఆ దారులు ఊరి మ్యాపులో ఎక్కడా ఉండవు. మేం కాగితం మీదికి ఎక్కించేటప్పుడు వాటిని వదిలేశాం, అడగలేదు గనుక. ఆ వదిలేసినవే తర్వాత కావలసి వచ్చాయి.

జూలై చివర్లో రైతుల సమావేశం పెట్టాం. క్లస్టరు వ్యవసాయ విస్తరణాధికారి కూడా వచ్చారు. తెలంగాణలో ఐదు వేల ఎకరాలకు ఒకరు చొప్పున వీళ్లను పెట్టారు. ఒక్క మనిషి అన్ని ఊళ్లూ, అన్ని కాగితాలూ చూసుకుంటూ పొలంలో దిగడం ఎంత కష్టమో ఆ ఐదు నెలల్లో దగ్గరి నుంచి చూశాను. సమావేశానికి ముప్పై మందికి పైగా వచ్చారు, అందరూ మగవాళ్లే. పట్టాదారు పాసుపుస్తకాల జాబితా చూసి పిలిచాం, కౌలుకు చేసేవాళ్లు కూడా అందులో లేరు. నా వంతుకు వచ్చిన అంశం సుడిదోమ. నాట్లప్పుడే తూర్పు పడమరలుగా ప్రతి రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు దుబ్బుల మొదళ్ల దాకా పోతాయి, దోమ తగ్గుతుంది, మందు కొట్టాల్సి వచ్చినా మొదట్లో తగులుతుంది. నారు కొనలు తుంచి నాటితే కాండం తొలిచే పురుగు గుడ్లు అక్కడే పోతాయి. చార్టు చూపిస్తూ అన్నీ చెప్పాను. అందరూ తలలు ఊపారు. టీ తాగి వెళ్లిపోయారు.

బాపు మాత్రం ఆగాడు. "కాలిబాటకు ఎకురంల ఎంత పోతది?" అని అడిగాడు. నేల మీదనే లెక్క వేశాం. రెండు మీటర్ల ఇరవైలో ఇరవై సెంటీమీటర్లు, అంటే పదకొండింట ఒక వంతు. ఎకరానికి మూడున్నర గుంటల మీద ఇంకొంచెం. "నాలుగు గుంటలనుకో. నాలుగు గుంటల పంట ఇడిసిపెట్టుమంటున్నవ్, దోమ వస్తదో రాదో తెల్వదు." బాట పక్క వరుసలకు వెలుతురు తగిలి పిలకలు ఎక్కువ వేస్తాయని, పోయింది చాలావరకు అక్కడ వస్తుందని చెప్పాను. నాకు అది తెలిసింది పుస్తకంలో. ఆయనకు నష్టమంటే ఎంతో తెలిసింది పొలంలో. ఆయన కాదనలేదు, అవుననలేదు.

ఆ రాత్రి నాకు విస్తరణ పాఠంలోని టెరెల్ గుర్తొచ్చింది. 1903లో అమెరికాలోని టెక్సాస్‌లో, టెరెల్ పట్టణం దగ్గర సీమన్ నాప్ అనే ఆయన ఒక రైతు పొలంలోనే, ఆ రైతు చేతనే కొత్త సాగు చేయించి చూపించాడు. ప్రదర్శనా క్షేత్రాల చరిత్ర అక్కడి నుంచే చెబుతారు. పరీక్షలో పేరు, ఏడాది రాస్తే మార్కులు వస్తాయి. కానీ ఆ కథలో ఇంకో సంగతి ఉంది. పంట దెబ్బతింటే రైతుకు నష్టం పూడ్చడానికి పట్టణంలోని వ్యాపారులు ముందే చందాలు వేసి సొమ్ము పక్కన పెట్టారు. అంటే విస్తరణ మొదటి అడుగులోనే నష్టం ఎవరిది అన్న ప్రశ్న ఉంది. మనం ఆ పద్ధతిని తెచ్చుకున్నాం, చందాను తెచ్చుకోలేదు. బాపు పక్కన ఏ టెరెల్ వ్యాపారీ లేడు. పొద్దున ఆయనతో, మొత్తం పొలం వద్దు, ఒక్క మడి ఇవ్వండి చాలు అన్నాను. "బోరు పక్కది తీస్కో. గది పోయినా పాణం పోదు" అన్నాడు. ఇంటికి తినడానికి సన్నాలు వేసుకునే మడి అది. పెద్ద పొలమంతా అమ్మకానికి దొడ్డు వడ్లు.

నాట్లకు ఇంకా నాలుగైదు రోజులుండగా ఒక ఆదివారం గంగాధర మండలంలోని కురిక్యాలకు పోయాం. ఊరి పక్కన బొమ్మలమ్మగుట్ట. ఎండలో బండ ఎక్కితే రాతి మీద చెక్కిన జైన విగ్రహాలు, వాటి కింద శాసనం. పదో శతాబ్దంలో, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు చెక్కించినది. తెలుగు కంద పద్యాల్లో మనకు దొరికిన అతి పాతవి ఈ బండ మీదివేనని పండితులు చెబుతారు. నాకు పద్యం కంటే ఇంకో మాట మనసులో నిలిచింది. ఆయన ఇక్కడ బసది కట్టించి ఊరుకోలేదు, కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించాడు, మదనవిలాసమనే తోట వేయించాడు. కవిత్వం పేరు చెరువుకు పెట్టిన నేల ఇది. గుట్ట మీది నుంచి చూస్తే చుట్టూ బోర్ల కింద పచ్చటి ముక్కలు, వాటి మధ్య వాన కోసం దున్ని పెట్టిన ఎర్ర నేల. అక్కడ చాలాసేపు కూర్చున్నాం.

ఆగస్టు మొదట్లో వానలు పట్టాయి. ఊరంతా ఒక్కసారిగా కదిలింది. ట్రాక్టర్లు కేజీ వీల్స్ వేసుకుని కరిగెట తొక్కుతున్నాయి, ఒడ్ల మీద మగవాళ్లు ఒరాలు చెక్కుతున్నారు. బాపు పొలం నాటు గుత్తకు పట్టిన జట్టులో పదకొండు మంది ఆడవాళ్లు. ఈ జిల్లాలో ఇప్పుడు బీహార్, బెంగాల్ నుంచి వచ్చిన మగ కూలీల జట్లు కూడా నాటుతున్నాయి. బాపు మాత్రం ఊరి జట్టునే పిలిచాడు. పొద్దున ఆరింటికి టేపు, కొలిచి ముడులు వేసిన నైలాన్ తాడు పట్టుకుని బోరు పక్క మడిలో దిగాను. మోకాలి దాకా బురద. జట్టు పెద్ద యాభై దాటిన మనిషి, నోట్లో ఆకు, నడుముకు చుట్టిన కొంగు. నేను టేపు పరచడం చూసి, "ఏందిది?" అంది. చెప్పాను. రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్లు వదలాలి, దోమ రాకుండా.

ఆమె నారు కట్ట చేతిలోనే పట్టుకుని నిలబడింది. "గీ ముచ్చట మాకెవ్వలు జెప్పిండ్రు?"

పోయిన వారం మీటింగులో చెప్పామన్నాను. "మీటింగు మొగోళ్లకు బెట్టిండ్రు. నాటేసేది మేము."

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. చార్టు మీద నేనే గీసిన బొమ్మ గుర్తొచ్చింది, తలపాగా చుట్టుకున్న రైతు, పక్కన వరుసలుగా పచ్చటి చుక్కలు. ఆ చుక్కలు పెట్టే చేతులు అందులో లేవు. కాలిబాటల సలహా పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది, రైతులు పాటించడం లేదని నివేదికల్లో రాస్తారు, నేనూ ఒక అసైన్‌మెంటులో రాశాను. కొనలు తుంచేది, వరుస పట్టేది, కుదురుకు ఎన్ని మొక్కలో నిర్ణయించేది వేళ్లు. ఆ వేళ్లున్న మనిషిని సమావేశానికి పిలవనే లేదు. పంచాయతీ ముందు ముగ్గుతో వాళ్లే గీసిన దారులను కూడా మేమే కాగితం మీదికి ఎక్కకుండా వదిలేశాం.

నాటేసేవాళ్లు మునుం పట్టి వెనక్కి జరుగుతూ పోతారు. తాడు కోసం ప్రతిసారీ ఆగితే పని సాగదు. గుత్త పని, ఆలస్యమైతే నష్టం వాళ్లదే. సగం వరుస కాగానే నాకు అర్థమైంది, తాడు వాళ్లకు అడ్డం. జట్టు పెద్ద నన్ను ఆగమని, టేపు మీద ఇరవై సెంటీమీటర్లు చూపించమంది. తన అరచేయి చాపి, బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా ఆ టేపు మీద పెట్టింది. ఒక్క వేలు తేడా. తర్వాత రెండు మీటర్లు. రెండు చేతులూ చాపి నిలబడింది, బురద కారుతూ. ఆమె బార కంటే ఎక్కువే.

"బారకు జానెడు. గట్ల చెప్పరాదు మరి" అంది. వెనక్కి తిరిగి జట్టుకు గట్టిగా అరిచింది, "ఓ బారకు జానెడు ఇడువుండ్రే!"

తాడు ఒడ్డు మీద పెట్టేశాను. ఇద్దరు ముగ్గురు తప్పిపోతే పక్కామె సరిచేసింది. నేనూ మునుంలో ఒక కొసన నిలబడి నాటాను. నా వరుస మొక్కలు మధ్యాహ్నానికే కొన్ని తేలిపోతే ఒకామె ఏమీ అనకుండా మళ్లీ గుచ్చింది, లోతుగా పెట్టకూడదని, వేళ్లు నిలబడేంత మట్టి చాలని చేసి చూపించింది. కొనలు తుంచడం మాత్రం కుదరలేదు. నారు పీకేది ఇంకో జట్టు, కట్టలు కట్టి తెచ్చి పడేసి పోయారు. తుంచాలంటే అక్కడే, పీకేటప్పుడే చెప్పాలి. మధ్యాహ్నం ఒడ్డు మీద అన్నం తిన్నాం. నా డబ్బాలో పప్పు, వాళ్ల దాంట్లో మామిడి తొక్కు, పచ్చి పులుసు. జట్టు పెద్ద నా డబ్బాలో తొక్కు వేస్తూ, ఎంత మంది అన్నదమ్ములని, పెళ్లెప్పుడని అడిగింది. దోమ గురించి కూడా అడిగింది. దుబ్బు మొదట్లో ఎట్లా ఉంటుంది, ఎప్పుడు వస్తుంది, వస్తే ముందు నీళ్లు తీసేయాలా. కలుపు తీయడానికి వచ్చేది కూడా వాళ్లే. దోమను మొదట చూసేది ఆ కళ్లే. చార్టు అప్పుడు తెప్పించి ఒడ్డు మీద పరిచాను. పదకొండు మంది వంగి చూశారు.

మర్నాడు అదే జట్టు పక్క రైతు పొలంలో దిగింది. నేను ఒడ్డు మీద నిలబడ్డాను. మొదటి వరుసలోనే ఆ రైతు వచ్చి, సందులు ఎందుకు వదులుతున్నారని అడిగి, నిండుగా నాటమన్నాడు. జట్టు పెద్ద నా వంక చూసి, "పొలం ఆయినది బిడ్డ, మాదేమున్నది" అంది. నిండుగా నాటారు. పొలం ఉన్నవాడికి చెబితే చేతులకు తెలియదు, చేతులకు చెబితే పొలం ఉన్నవాడు ఒప్పుకోడు. రెండు చోట్లా ఒకే రోజు, ఒకే మాట చెప్పాలి. ఆ తర్వాత మేం పెట్టిన సమావేశాలు పంచాయతీ ఆఫీసులో కాకుండా పొలం ఒడ్డున, రైతూ జట్టూ ఇద్దరూ ఉన్నప్పుడు, అన్నాల వేళకు పెట్టాం. చార్టు మీద కొలతలు దిద్దాం. అందరూ ఒప్పుకోలేదు, ఒప్పుకున్నవాళ్లు కూడా ఒక్కో మడే ఇచ్చారు.

ఆగస్టు రెండో వారంలో ఊరంతా రామడుగు మండలం లక్ష్మీపూర్‌కు బయలుదేరింది. కాళేశ్వరం నీళ్లు ఎత్తిపోసే గాయత్రి పంప్‌హౌస్ అక్కడ భూమి లోపల ఉంది, ఒక్కొక్కటి 139 మెగావాట్ల మోటార్లు ఏడు. గోదావరి నీళ్లను వరద కాలువలోకి ఎత్తితే మిడ్ మానేరుకు పోతాయి. మొదటిసారి నీళ్లు వదిలారని తెలిసి ట్రాక్టర్ల మీద జనం. మా జట్టు కూడా ఆ పూట నాటు పని ముగించుకుని ఒక ట్రాలీలో ఎక్కింది, నన్నూ ఎక్కించుకున్నారు. కాలువలోకి నీళ్లు తెల్లగా లేస్తుంటే ఒకామె చెప్పులు విడిచి దండం పెట్టింది. 2023 అక్టోబరులో అదే కాళేశ్వరం పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయన్న వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ విడిచిన చెప్పులే.

తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడుతోంది. నా సంచిలో రావెప్ రికార్డు ఉంది, మర్నాడు మా సార్‌కు చూపించాలి. ప్రదర్శన వివరాల పేజీలో రైతు పేరు అన్న గడిలో బాపు పేరు రాసి ఉంది, కింద అంతా ఖాళీ. ట్రాలీలోనే తీసి, మీ పేర్లు చెప్పండి అవ్వా, రాసుకుంటాను అన్నాను.

"మా పేర్లెందుకు? పైసలేమన్న వస్తయా?"

రావని చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కరే చెప్పారు, ఇంటిపేరుతో సహా. ఒకామె తన పేరు రెండుసార్లు చెప్పి, సరిగ్గా రాశానా అని చదివించుకుంది. ట్రాక్టరు కుదుపుకు అక్షరాలు వంకర్లు పోతున్నాయి. చివరగా జట్టు పెద్ద ఫోను లైటు నా పుస్తకం మీద పట్టి, వేలితో పేజీ పైభాగం చూపించింది. అక్కడ 2 మీ., 20 సెం.మీ. అని ఉంది.

"గది కొట్టేసి బారకు జానెడని రాయి" అంది.

కొట్టేసి రాశాను.